తొలి టేపు, తర్వాతి రికార్డు

పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం నాగిని ట్యూను ఎత్తుకుందంటే చాలు, పాలకొండలోనైనా గజపతినగరంలోనైనా ఒక కుర్రాడు నోట్లో రుమాలు కరుచుకుని నడిరోడ్డు మీద పడగ విప్పుతాడు. ఆ ట్యూను 1954 నాటి హిందీ సినిమా ‘నాగిన్’ది. అందులో మనం పాములవాడి బూర అనుకుని విన్నది నిజానికి క్లావియోలిన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డు. 1947లో కాన్‌స్టాంట్ మార్టిన్ అనే ఫ్రెంచి ఇంజనీరు దాన్ని తయారుచేశాడు. బొంబాయిలో దాన్ని వాయించినాయన తర్వాత సంగీత దర్శకుడిగా పేరు తెచ్చుకున్న కల్యాణ్‌జీ.

ఎనిమిదేళ్ల తర్వాత అదే వాద్యం లండన్‌లో ఒక అద్దె వాటాలో మోగింది. హాలోవే రోడ్డులో 304 నంబరు ఇల్లు, కింద తోలు సామాన్ల కొట్టు, పైన రికార్డు నిర్మాత జో మీక్ కాపురం. కాపురమూ అదే, స్టూడియో అదే. ఒకరు గదిలో, ఒకరు మెట్ల మీద, ఒకరు స్నానాలగదిలో కూర్చుని వాయించడం, కేబుళ్లు కాళ్లకు చుట్టుకోవడం అక్కడ మామూలు. టోర్నడోస్ అనే బృందంతో అతను అక్కడ చేసిన ‘టెల్‌స్టార్’ 1962 ఆగస్టులో విడుదలైంది. అందులో మాటల్లేవు, వాద్యాలే. బ్రిటన్‌లో మొదటి స్థానం, ఆ ఏడాది చివరికి అమెరికాలోనూ మొదటి స్థానం. ఒక బ్రిటిష్ బృందం అమెరికాలో ఆ మెట్టు ఎక్కడం అదే మొదలు, బీటిల్స్ కన్నా ముందు. ఆ తర్వాత టోర్నడోస్ అదే అచ్చులో ‘గ్లోబ్‌ట్రాటర్’, ‘రోబోట్’ వంటివి వరసగా వదిలారు. కీబోర్డు గొంతు అదే, గుర్రపు దౌడు లాంటి తాళం అదే. మొదటిది విన్నప్పుడు కలిగే ఉలికిపాటు వాటిలో వెతికినా దొరకదు.

ఇంట్లో చేసిన తొలి వాద్య రికార్డు గొప్పదా, డబ్బూ పరికరాలూ వచ్చాక విడుదల చేసినవి గొప్పవా అన్నది ప్రయోగాలు చేసే బ్యాండ్ల విషయంలో ఎప్పుడూ తెగని తగువు. ఒక పక్షం వాళ్లకు మొదటి టేపు వేదం. గరగర ఎంత ఎక్కువుంటే అంత నిజాయితీ అంటారు. ఇంకో పక్షం వాళ్లకు అది చిత్తుకాగితం. చేతిలో లేక అలా చేశారు, ఉన్నాక సరిగ్గా చేశారు, ఇందులో చర్చేముంది అంటారు. రెండు పక్షాలూ చూస్తున్నది శబ్దం నాణ్యతనే, ఒకరు మెచ్చుకుంటూ, ఒకరు తిట్టుకుంటూ. తొలి టేపులో నేను వినేది లోటు. ఏది లేక ఏం చేశారన్నది. ఆ లోటు ట్యూను నడకలోకే ఎక్కిపోయి ఉంటుంది. తర్వాతి విడుదలల్లో లోటు తీరిపోతుంది, దాని చుట్టూ కట్టుకున్న నడక మాత్రం మిగిలిపోతుంది. ఆ మిగిలినదాన్ని ఏం చేశారో చూస్తే బాగుపడిందో చెడిందో తేలిపోతుంది.

అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్‌తో మొదలుపెడదాం. బృందం కాదు, ఒక్కడే, కాని బృందం పని ఒక్కడే చేశాడు. హాలీవుడ్‌లో తన ఇంటి గ్యారేజీలో కూర్చుని గిటారు మీద గిటారు పేరుస్తూ 1948లో ‘లవర్’ రికార్డు చేశాడు. అప్పటికి అతని దగ్గర టేపు లేదు. మైనపు పూతలాంటి మెత్తని ఎసిటేటు డిస్కుల మీద చెక్కడమే. ఆ చెక్కే యంత్రానికి కాడిలాక్ కారు ఫ్లైవీలు వాడుకున్నాడు. ఒక డిస్కు మీద వాయించినది మోగిస్తూ, దానితో పాటు కొత్తగా వాయిస్తూ, రెండూ కలిపి రెండో డిస్కు మీద చెక్కాలి. మూడో పొర కావాలంటే మూడో డిస్కు. ప్రతి మార్పిడిలోనూ పాత పొర కొంచెం మసకబారుతుంది. అందుకని ఎక్కడో వెనక ఉండవలసిన గిటార్లని ముందు వాయించి, అందరికీ వినబడవలసిన ప్రధాన వరసని అన్నిటికన్నా చివర వాయించేవాడు. ట్యూనును వెనక నుంచి ముందుకు ఊహించుకోవాలి. పల్లవి ఎలా ఉండబోతోందో మనసులో పూర్తిగా స్థిరపడకుండా మొదటి పొర కూడా వాయించలేడు. ఎక్కడైనా తప్పు పడిందా, మళ్లీ మొదటికి.

ఆ క్రమశిక్షణ ఆ రికార్డులో వినిపిస్తుంది. సగం వేగంలో రికార్డు చేసి మామూలు వేగంలో మోగిస్తే సన్నగా, పిట్ట కూతలా వచ్చే గిటార్లు, వాటి కింద నిబ్బరంగా నడిచే మంద్రం. తర్వాత టేపు వచ్చింది, భార్య మేరీ ఫోర్డ్ గొంతు వచ్చింది, 1951లో పాటల హిట్లు వచ్చాయి. అవి బాగుంటాయి, సందేహం లేదు. కాని గిటార్ల గుంపు అక్కడ గొంతుకి పక్కవాద్యమైపోయింది. ఈ మాట గుర్తుంచుకోండి, విజయనగరం దగ్గర మళ్లీ పని పడుతుంది.

మైక్ ఓల్డ్‌ఫీల్డ్‌ది ఇంకా దగ్గరి ఉదాహరణ. 1971లో లండన్ టోటెన్‌హామ్‌లో ఒక వాటాలో ఉండే పద్దెనిమిదేళ్ల కుర్రాడు. కెవిన్ ఏయర్స్ అనే గాయకుడి దగ్గర బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్ వాళ్ల టేపు రికార్డరు అడిగి తెచ్చుకున్నాడు. ఆ యంత్రానికి ఒక్కో పొరా కలుపుకుంటూ పోయే సౌకర్యం లేదు. కొత్తది రికార్డు చేస్తే పాతది చెరిగిపోతుంది. టేపు రికార్డరు మూత విప్పితే టేపు దారిలో రెండు తలలు కనిపిస్తాయి. టేపు ముందు చెరిపే తల మీదుగా, తర్వాత రాసే తల మీదుగా జారుతుంది. ఇతను చేసిందల్లా చెరిపే తలకీ టేపుకీ మధ్య చిన్న అట్టముక్క అడ్డం పెట్టడం. ఇక పాతది చెరగదు, కొత్తది దాని మీద ఎక్కుతుంది. కాని ఎక్కాక వెనక్కి తీసుకోవడం ఉండదు. గంటలు బాగోలేదంటే గంటల్ని ఒక్కటే తీసెయ్యలేం. అందుకే ఆ సంగీతం అలా మెట్టు మీద మెట్టుగా పెరుగుతుంది. ఒక చిన్న పియానో వరస మొదలవుతుంది, దాని తాళం ఏడూ ఎనిమిదీ కలిపి పదిహేను. దాని మీద ఒక్కో వాద్యం వచ్చి చేరుతుంది. వచ్చింది చాలాసేపు పోదు.

ఆ టేపు పట్టుకుని తిరిగితే కంపెనీలన్నీ పొమ్మన్నాయి. మాటల్లేని ఇంత పొడుగు సంగీతం ఎవడు కొంటాడన్నారు. చివరికి రిచర్డ్ బ్రాన్సన్ ఊరవతల బంగళాలో పెట్టిన మేనర్ స్టూడియోలో మళ్లీ రికార్డు చేయించి, 1973 మే 25న ‘ట్యూబులర్ బెల్స్’ పేరుతో విడుదల చేశారు. వర్జిన్ రికార్డ్స్ అనే కంపెనీకి మొదటి ఆల్బం అదే. ఆ డిసెంబరులో ‘ఎక్సార్సిస్ట్’ సినిమాలో మొదటి వరస వాడుకున్నాక అది ఇంటింటి ట్యూను అయిపోయింది.

స్టూడియోలో ఇప్పుడు పొరలు కావలసినన్ని. అయినా అతను మెట్ల కట్టడాన్ని పడగొట్టలేదు. పైపెచ్చు దాన్ని వేడుక చేశాడు. మొదటి భాగం చివర ఒకాయన ఒక్కో వాద్యం పేరూ ప్రకటిస్తుంటే అది వచ్చి చేరుతుంది. అట్టముక్క వల్ల పుట్టిన అలవాటు అక్కడ కచేరీ మర్యాదగా మారింది. తర్వాతి విడుదల అంటే ఇలా ఉండాలి. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2003లో, శ్రుతులు సరిగా లేవనీ తాళం తూలిందనీ చాలాకాలంగా మనసులో పెట్టుకున్న ఓల్డ్‌ఫీల్డ్ మొత్తం మళ్లీ వాయించి విడుదల చేశాడు. తప్పులన్నీ పోయాయి. వినండి, ఎక్కడా వేలు పెట్టడానికి సందు ఉండదు. రెండోసారి వినాలని కూడా అనిపించదు.

అసలు బ్యాండు అంటే జర్మనీలోని క్యాన్ గురించి చెప్పుకోవాలి. 1968లో కొలోన్‌లో మొదలైన ఈ బృందంలో ఇద్దరు స్వరకర్త కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌజెన్ దగ్గర చదువుకున్నవాళ్లు, ఒకరు జాజ్ డ్రమ్ములు వదిలేసి వచ్చినవారు. మొదట నోర్వెనిష్ అనే పాత కోటలో రెండు ట్రాకుల యంత్రంతో రికార్డు చేసుకున్నారు. తర్వాత వైలర్స్‌విస్ట్ అనే పల్లెలో మూతబడిన సినిమా హాలు తీసుకుని, సైన్యం వాడి పారేసిన పరుపులు గోడలకి కొట్టి, దానికి ఇన్నర్ స్పేస్ అని పేరు పెట్టుకున్నారు. గంటల తరబడి వాయించడం, వాళ్లలో ఒకడైన హోల్గర్ చుకాయ్ బ్లేడుతో టేపు కోసి అతికించడం. వాళ్ల తొలి టేపుని అప్పట్లో ఏ కంపెనీ తీసుకోలేదు. అది ‘డిలే 1968’ అన్న పేరుతో బయటికొచ్చేసరికి 1981. ఈలోగా ‘మాన్‌స్టర్ మూవీ’, ‘టాగో మాగో’, ‘ఫ్యూచర్ డేస్’ వచ్చి పేరు తెచ్చేశాయి. పెట్టెల్లో మిగిలిన టేపులు ఏరి 2012లో ‘ద లాస్ట్ టేప్స్’ వేశారు.

క్యాన్ విషయంలో తొలి టేపూ తర్వాతి రికార్డూ అన్న వరసే తలకిందులైంది. జనం ముందు తర్వాతివి విన్నారు, పదమూడేళ్లకు మొదటిది విన్నారు. విన్నాక తెలిసిందేమంటే, మొదట్లో వాళ్లు ఇంకా రాక్ బ్యాండులాగే ఉన్నారు. కోత, అతుకు, ఒకే తాళాన్ని వదలకుండా పట్టుకోవడం అన్నీ తర్వాత ఆ పరుపుల గదిలో అబ్బినవి. మొదటి టేపే వేదం అనేవాళ్లకి క్యాన్ చెప్పే జవాబు ఇది. ఆ జవాబు కూడా మొదటి టేపు పారేయకుండా దాచారు కనకే దొరికింది.

మన దేశంలో చరణ్‌జిత్ సింగ్ కథ అందరూ చెప్పేదే, క్లుప్తంగా చెప్తాను. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటారూ కీబోర్డూ వాయించుకునే మనిషి, కొత్తగా వచ్చిన రోలాండ్ కంపెనీ సింథసైజరు యంత్రాలు కొని ఇంట్లో రాగాలతో ఆడుకున్నాడు. 1982లో హెచ్.ఎం.వి. దాన్ని పది రాగాల డిస్కో రికార్డుగా వేసింది, ఎవరూ కొనలేదు. 2010లో విదేశాల్లో మళ్లీ అచ్చు వేస్తే, చికాగో కుర్రాళ్లు కనిపెట్టారనుకున్న యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతపు శబ్దం అంతకుముందే బొంబాయిలో ఉందే అని ప్రపంచం ముక్కున వేలేసుకుంది. అతను ఏదో కనిపెట్టాలని చేయలేదు. ఆ యంత్రాల్లో ఒకటి స్వరం నుంచి స్వరానికి జారుతుంది, మన రాగానికి జారుడు కావాలి. రెండూ కుదిరాయి.

ఢిల్లీ ఇండియన్ ఓషన్ అలా కాదు. 1990లో పుట్టి, 1993లో హెచ్.ఎం.వి.తో స్టూడియో ఆల్బం చేసి, తర్వాత ఏ కంపెనీ పిలవక కూర్చున్న బృందం. 1997 జనవరి 1న వీధి నాటకకారుడు సఫ్దర్ హష్మీ సంస్మరణ సభలో వీధిలో వాయించినది ఎవరో రికార్డు చేస్తే, అదే ‘డెజర్ట్ రెయిన్’ ఆల్బమయింది. ఎక్కువ భాగం వాద్యమే. వాళ్ల బలం ఏమిటో వాళ్లకీ జనానికీ తెలిసింది స్టూడియోలో కాదు, ఆ వీధి టేపులో. 2000లో వచ్చిన ‘కందీసా’ స్టూడియోలో చేసినా ఆ వీధి ఊపిరి పోలేదు. 2010లో ఆల్బం పేరే తాము సాధన చేసుకునే కరోల్‌బాగ్ పాత బంగళా చిరునామాగా పెట్టి, నెలకొక పాట ఉచితంగా ఇచ్చారు.

తెలుగువాడు మాండలిన్ శ్రీనివాస్ కూడా ఈ వరసలోకి వస్తాడు. పాలకొల్లులో పుట్టి, 1978లో తొమ్మిదేళ్లకే గుడివాడలో తొలి కచేరీ చేసిన పిల్లవాడు. ఎనిమిది తీగల పాశ్చాత్య వాద్యాన్ని అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకున్నాడు, గమకం పలకాలి కనక. 1995లో గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ పెద్ద స్టూడియో పని, పొరలు పొరలుగా పొగమంచు. నాకు మాత్రం ఆ పొగమంచులోంచి మాండలిన్ ఎప్పుడు బయటికొస్తుందా అని కాచుకోవడమే సరిపోతుంది. చిన్నప్పటి క్యాసెట్లలో ఆ బాధ లేదు.

ఇక విజయనగరం. మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. వయొలిన్ అధ్యాపకుడిగా వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుకి అప్పటికి పాతికేళ్లు దాటాయంతే. విద్యార్థిగా చేరదామని వస్తే అధ్యాపకుడిగా చేర్చుకున్నారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1936లో ఆయనే అధ్యక్షుడయ్యాడు. 1938లో వెల్లూరులో గాయకుడు లేకుండా ఒంటరిగా వయొలిన్ కచేరీ చేశాడు. ఇవాళ అది మామూలు మాట. ఆ రోజుల్లో కర్ణాటక సంగీతంలో వయొలిన్ అంటే గాయకుడి పక్కన కూర్చుని ఆయన పాడింది తిరిగి పలికేది. దాన్ని ముందుకి తెచ్చి కూర్చోబెట్టడం ఏ ఎలక్ట్రానిక్ ప్రయోగానికీ తీసిపోని సాహసం. 1952లో మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ ఇంట్లో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆయన వాయిద్యం విన్నాడు. అదీ ఇంటి కచేరీయే.

ద్వారం వారి గ్రామఫోను డిస్కుల్లో లోటు నిమిషాలది. పది అంగుళాల డిస్కు ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. కచేరీలో ముప్పావు గంట నడిచే రాగాన్ని అందులో పట్టించాలి. చాలామంది ఆ తొందరలో కీర్తనని పరిగెత్తించారు. ఈయన పరిగెత్తలేదు. రెండు మూడు పొడుగాటి విల్లు లాగుళ్లలో రాగం నిలబెట్టి, అక్కడి నుంచి కీర్తనలోకి దిగుతాడు. తొందర లేనట్టు వినిపిస్తుంది, గడియారం చూస్తే మూడు నిమిషాలు. తర్వాత రేడియో వచ్చి నిడివి పెరిగింది. అయినా వయొలిన్ నేర్చుకునే పిల్లలకి నేనైతే ముందు డిస్కులే వినమంటాను. ఏది వదిలెయ్యాలో తెలిసేది అక్కడే.

ఆ కళాశాలలో చదివిన ఘంటసాల, సుశీల పేర్లు ఊరు ఊరంతా చెబుతుంది. వయొలిన్, వీణ, మృదంగం నేర్చుకుని వెళ్లినవాళ్ల పేర్లు అడిగితే రసికులు తప్ప ఎవరూ చెప్పలేరు. లెస్ పాల్ దగ్గర గుర్తుంచుకోమన్నది ఇందుకే. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుని తీసుకోండి. తండ్రి సన్యాసిరాజు ద్వారం వారికి మృదంగం వాయించినవాడు. కొడుకు చిన్నప్పుడే గ్రామఫోను గాయకుడు. సితారు తెలుసు, పెద్ద ఆర్కెస్ట్రాలు నడిపాడు, 1948 ‘చంద్రలేఖ’లో ఆ డోళ్ల నాట్యానికి చేసిన సంగీతం దేశమంతా విన్నది. అంతటివాడి వాద్య ప్రతిభ కూడా మనకి పల్లవికీ చరణానికీ మధ్య బిట్టుగానే చేరింది. ఆ బిట్లు విప్పి వింటే ఒక్కోటి ఒక చిన్న వాద్య రచన. కాని మనం దాన్ని పాట ఎప్పుడు అందుకుంటుందా అని వింటాం. మా వైపు వాద్యం ఒక్కటే వినిపిస్తే కాసేపు చూసి, ‘పాటెప్పుడొస్తాది?’ అని అడుగుతారు. వెటకారం కాదు, నిజంగానే అడుగుతారు.

దానికి ఎదురీదినవారు లేకపోలేదు. ద్రాక్షారామం నుంచి వచ్చిన ఈమని శంకరశాస్త్రి సినిమాల్లో పని చేసి, ఆకాశవాణిలో చేరి, వాద్యబృందానికి రచనలు చేశాడు. ఎవరెస్టు ఎక్కిన సంఘటన ప్రేరణతో చేసిన ‘ఆదర్శ శిఖరారోహణం’లో వీణ కొండెక్కుతుంది, ఆయాసపడుతుంది, మళ్లీ ఎక్కుతుంది. కాకినాడ నుంచి వచ్చిన శిష్యుడు చిట్టిబాబు ‘కొమ్మలో కోయిల’తో వీణని పాట తోడు లేకుండా ఇంటింటికీ చేర్చాడు. వీణకి కాంటాక్టు మైకు తగిలించడం అపచారమా కాదా అని ఆ రోజుల్లో విద్వాంసులు కొట్టుకు చచ్చారు. ఇప్పుడు ఎవరూ అడగరు.

వీణ అన్నాం కనక బొబ్బిలి దగ్గర గొల్లపల్లి గురించి చెప్పాలి. సర్వసిద్ధి కుటుంబాల వాళ్లు పనస దుంగ తెచ్చి, కుండా దండీ ఒకే చెక్కలో తొలిచి వీణ చేస్తారు. అతుకు లేకపోవడమే దాని గుణం. తీగ కదలిక ఎక్కడా ఆగకుండా చెక్కంతా పాకుతుంది. ఇరవై నాలుగు మెట్లనీ మైనంలో నల్ల పొడి కలిపిన ముద్ద మీద కూర్చోబెడతారు. ఆ మైనం వేసవిలో కొంచెం మెత్తబడుతుంది, మెట్టు వెంట్రుకవాసి జరుగుతుంది, శ్రుతి తేడా వస్తుంది. ఇంట్లో వీణ రికార్డు చేసేవాళ్లు ఈ సంగతి ఎరుగుదురు. ఫ్యాను వేస్తే మైకులో గాలి, ఆపితే మైనం. మొదటి టేకుకీ పదో టేకుకీ గాంధారం ఒకటిగా ఉండదు. కంప్యూటర్లో ముక్కలు అతికించబోతే అక్కడ దొరికిపోతారు.

ఇంటి రికార్డింగులో ఇంకో పక్కవాద్యం కూడా ఉంటుంది, పిలవకుండా వచ్చేది. కరెంటు. మన కరెంటు సెకనుకి యాభై సార్లు ఊగుతుంది. ఎర్తింగు సరిగా లేని ఇళ్లలో ఆ ఊపు హమ్ముగా రికార్డులోకి దిగుతుంది. ఆ యాభై, కీబోర్డు మీద మంద్రంలో ‘జి’ స్వరానికి కొంచెం పైన ఉంటుంది. స్వరం కాదు, స్వరానికి పక్కింటిది. ‘జి’ని ఆధార షడ్జమంగా పెట్టుకుని ఇంట్లో రికార్డు చేస్తే తంబురా పక్కన ఇంకో శ్రుతి తప్పిన తంబురా మోగుతున్నట్టుంటుంది. సాఫ్ట్‌వేరుతో తీసేద్దామంటే మంద్రం తీగ ఊపిరి కూడా దానితో పోతుంది. షడ్జమాన్ని మార్చుకోవడమే తేలిక.

ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బ్యాండు పెట్టుకున్న కుర్రాళ్ల చేతుల్లో ఒకప్పుడు జో మీక్ కలలో కూడా చూడనంత సరుకుంది. ఒక ల్యాప్‌టాపు, చిన్న ఆడియో ఇంటర్‌ఫేసు, ఒక కండెన్సర్ మైకు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు. అదీ లేకపోతే ఫోను. పొరలకి లెక్కే లేదు, వెనక్కి తీసుకోవడానికీ లెక్క లేదు. మరి వాళ్ల లోటేమిటి? లోటు లేకపోవడమే ఇబ్బంది. డ్రమ్ములు రెడీమేడు లూపు, వయొలిన్లు రెడీమేడు, వేణువు కూడా రెడీమేడు. దాని మీద మన జానపదం ఒక ముక్క అతికించి ఫ్యూజన్ అని పెడతారు. విన్న వెంటనే బాగుంటుంది. ఎక్కడిదో చెప్పలేం. ఈ ఊళ్లలో పుట్టిన వాద్యానికి ఇక్కడి గుర్తు ఏదో ఒకటి ఉండాలిగా.

అలాంటి గుర్తులకి కొదవ లేదు. గొల్లల తప్పెటగుళ్లు చూడండి, గుండె మీద వేలాడే రేకు పళ్లెం, కాళ్లకి గజ్జెలు, పదిహేనిరవై మంది ఒక్కసారి ఎగిరి దిగితే రేకూ గజ్జే కలిసి ఒక్క దెబ్బ. జముకు ఇంకా చిత్రమైనది. కుంచంలాంటి పాత్రకి ఒక పక్క తోలు, దాని నడిమి నుంచి ఒక నరం. ఒక చేత్తో నరం లాగుతూ మీటితే, లాగినకొద్దీ స్వరం పైకెక్కుతుంది, వదిలితే కిందికి జారుతుంది. జముకుల కథలో ప్రతి చరణం చివరా ఆ జారుడు ఉంటుంది. చరణ్‌జిత్ సింగ్ యంత్రంలో ఏ జారుడు చూసి ప్రపంచం నోరు వెళ్లబెట్టిందో, దాని పెద్దన్న ఎల్లమ్మ కథ చెప్పేవాళ్ల చంకలో ఉంది. తూర్పు భాగోతం మద్దెల, జాతరలో తుడుం, కొండల్లో థింసా నాట్యానికి మోగే కిరిడి, మోరి సంగతి సరేసరి.

వీటిని ఫోనులో రికార్డు చేస్తే ఏమవుతుందో గమనించారా? తప్పెట దెబ్బ పడగానే ఫోను బెదిరి మైకు తగ్గించేస్తుంది. దెబ్బ అయిపోగానే మళ్లీ పెంచుతుంది. దాంతో రెండు దెబ్బల మధ్య గజ్జెలూ, పక్కనున్న పిల్లల అరుపులూ, దూరంగా లౌడు స్పీకరూ ఉప్పెనలా లేచి, దెబ్బ పడగానే మళ్లీ అణిగిపోతాయి. ఫోను తయారుచేసినవాళ్లు మాట స్పష్టంగా వినబడాలని పెట్టిన ఏర్పాటు అది. పైగా ఆగకుండా మోగే శబ్దాన్ని రొద అనుకుని నొక్కేస్తుంది, తంబురా అయినా సరే, సన్నాయి పక్కన శ్రుతి అయినా సరే. యూట్యూబులో ఉత్తరాంధ్ర జాతరల వీడియోలన్నిట్లోనూ ఉండే ఆ ఊగుడు ఇదే.

చాలామంది దీన్ని లోపం అనుకుని వీడియో పక్కన పడేసి, స్టూడియోకి వెళ్లి తప్పెటని ఒక్కడి చేత వాయించి రికార్డు చేస్తారు. శుభ్రంగా వస్తుంది, రేకు చప్పుడు మాత్రమే వస్తుంది. ఆ వీడియోలో మనల్ని లాగింది ఇరవై మంది ఒక్కసారి నేల మీద దిగిన బరువు, రెండు దెబ్బల మధ్య ఊరు లేచి వినబడటం. ఫోను తెలివితక్కువతనం వల్ల దొరికిందే అయినా దొరికింది నిజం. ఓల్డ్‌ఫీల్డ్ అట్టముక్కని స్టూడియోలోకి ఎలా తీసుకెళ్లాడో, ఈ ఊగుడుని అలా తీసుకెళ్లే బ్యాండు కావాలి. స్టూడియోవాళ్లు కంప్రెషన్ అని ఉద్దేశపూర్వకంగా చేసేది కూడా ఇంచుమించు ఇదే పని. తేడా ఏమంటే అక్కడ ఎంత ఊగాలో మన చేతిలో ఉంటుంది.

విడుదల అన్న మాటకి కూడా అర్థం మారిపోయింది. క్యాన్ మొదటి టేపు పదమూడేళ్లు పెట్టెలో ఉంది. ఇవాళ సాయంత్రం వాయించినది రాత్రికి స్ట్రీమింగులో ఉంటుంది. కంపెనీ పొమ్మనడం లేదు, మళ్లీ వాయించి తీరవలసిన అవసరం లేదు. ఓల్డ్‌ఫీల్డ్‌ని తిప్పి పంపిన కంపెనీలని తిట్టుకుంటాం గాని, ఆ కాలమంతా అతను ఆ సంగీతాన్ని మనసులో తిరగేసుకున్నాడు. ఇప్పటి కుర్రాళ్లకి మొదటి రికార్డే విడుదల, రెండోది కొత్త ట్యూను. ఒకే ట్యూనుని ఏడాది తర్వాత మళ్లీ వాయించి చూసే బ్యాండుని వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. రెండు రూపాలు పక్కపక్కన లేనప్పుడు ఏది మిగిలింది, ఏది పోయిందని సమీక్షకుడు మాత్రం ఎలా తేల్చగలడు?

దాచడం సంగతి మరీ ఘోరం. విశాఖపట్నం ఆకాశవాణి 1963లో మొదలైన దగ్గర్నుంచి ఈ జిల్లాల కళాకారులు అక్కడికి వెళ్లి వాయించారు. అది ప్రభుత్వ సంస్థ, దాని పద్ధతి దానిది. ఇంటి టేపులకి మాత్రం ఇల్లే దిక్కు. పాత స్పూలు టేపులు అటక మీద చెమ్మకి బూజు పట్టి పొరలు ఊడిపోతాయి. క్యాసెట్లయితే పిల్లలు వాటి మీద సినిమా పాటలు ఎక్కించేశారు. ఇప్పటివి అంతకన్నా అల్పాయుష్షువి. బ్యాండు కుర్రాళ్లు కొత్త వరస తట్టగానే వాట్సాప్ గ్రూపులో వాయిస్ నోటుగా పెడతారు. అది మాట కోసం పిండేసిన శబ్దం, వీణ తీగలో పైన మెరిసేదంతా అక్కడే పోతుంది. ఫోను మారిస్తే మిగిలింది కూడా పోతుంది. వాయిస్ నోటుగా కాకుండా విడిగా రికార్డు చేసుకుని ఆ ఫైలుని డాక్యుమెంటుగా జతచేసి పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. పేరు దగ్గర ‘న్యూ రికార్డింగ్’ అని వదిలెయ్యకుండా తేదీ, ఊరు, షడ్జమం ఏది పెట్టారో రాసి పంపితే, రేపు ఆల్బం వచ్చినప్పుడు పక్కన పెట్టి వినడానికి ఒకటంటూ ఉంటుంది.